మారని మాటతో వచ్చిన చిక్కు: సెమిటిక్ భాషల్లో దుప్పి పేరు, ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని పెద్దాయనను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. రాసింది ఆయనకు చదివి వినిపించాను కూడా. "నా పేరు లేకపోతే చాలమ్మా, నా తప్పులు ఉండనివ్వండి" అన్నారు. కాబట్టి నా తప్పులూ ఉంచాను.

నేపథ్యం

పాత భాషల్లో పదాల పుట్టుపూర్వోత్తరాలు చూడటం నా పని. నిఘంటువులు వేసేవాళ్ళు, అనువాదకులు ఒక పదం పంపి "ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏం రాయమంటారు?" అని అడుగుతారు. ఆధారాలు చూసి, ఏది గట్టిగా రాయొచ్చో, ఏది రాయకూడదో చెప్తాను. చదువు ద్రావిడ భాషలతో మొదలైంది, తర్వాత హీబ్రూ, అరబిక్‌లున్న సెమిటిక్ భాషల కుటుంబంలోకి వెళ్ళాను.

ఈసారి వచ్చినవారు రిటైరైన తెలుగు మాస్టారు. తమ చర్చిలో బైబిల్ క్లాసుల కోసం, అందులో వచ్చే జంతువుల పేర్లతో చిన్న నిఘంటువు తయారుచేస్తున్నారు. ప్రతి పేరుకీ నాలుగు గడులు: తెలుగు మాట, హీబ్రూ మాట, జంతువు వివరం, వ్యుత్పత్తి. సింహం, ఒంటె, గాడిద దాటుకొచ్చారు. దుప్పి దగ్గర ఆగిపోయారు.

ఆయన తెచ్చిన సమస్య

తెలుగు బైబిల్‌లో 42వ కీర్తన "దుప్పి నీటివాగులకొరకు ఆశపడునట్లు" అని మొదలవుతుంది. ఆ దుప్పి హీబ్రూలో అయ్యాల్. ఆదికాండంలో యాకోబు తన కొడుకు నఫ్తాలిని లేడి అంటాడు. అదీ ఆ మాటే, ఆడ రూపం అయ్యాలా. 18వ కీర్తనలో జింక కాళ్ళు, హబక్కూకు చివర్లో లేడి కాళ్ళు. హీబ్రూలో మాత్రం రెండుచోట్లా ఒకే పదం, అయ్యాలోత్. అంటే ఒక్క మాట తెలుగులోకి వచ్చేసరికి దుప్పి, లేడి, జింక అయింది.

తిరగేసి చూస్తే చిక్కు ఇంకా పెరిగింది. సామెతలు 5:19లో "అతిప్రియమైన లేడి, అందమైన దుప్పి" అని ఉంది. ఇక్కడ లేడి అయ్యెలెత్, అంటే మన అయ్యాల్ కుటుంబమే. కానీ ఆ పక్కనున్న దుప్పి హీబ్రూలో యఅలా. అది వేరే జంతువు, వెనక్కి వంగిన పెద్ద కొమ్ములుండే కొండమేక జాతిలో ఆడది. 42వ కీర్తన దుప్పి, సామెతల దుప్పి ఒకటి కావన్నమాట.

మాస్టారి ప్రశ్న సూటిగా ఉంది. "అసలు మాట ఏంటి? అది ఏ జంతువు? వ్యుత్పత్తి గడిలో ఏం రాయాలి?"

ఊరికే అడగలేదు, సొంతంగా కష్టపడి ఒక పట్టిక వేసుకొచ్చారు. లాంగ్ నోట్‌బుక్ కాగితం మీద తొమ్మిది వరుసలు. పాత ఇరాకు భాష అక్కడియన్‌లో అయ్యలు, సిరియా తీరపు పాత భాష ఉగారిత్‌లో అయ్ల్, హీబ్రూ అయ్యాల్, అరమాయిక్‌లో ఒక రకమైన సిరియాక్‌లో అయ్లా, అరబిక్ ఇయ్యల్, ఇథియోపియా పాత భాష గీజ్‌లో హయ్యల్. ఆ తర్వాత హీబ్రూలోనే పొట్టేలుకు వాడే అయిల్, గ్రీకు ఎలాఫోస్, చివరగా తమిళ ఇరలై. అడుగున ఎర్ర ఇంకుతో "అన్నీ ఒకటే!" అని రాసి రెండు గీతలు కొట్టారు.

ఆ రెండు గీతలు చూడగానే నాకు కొంచెం టెన్షన్ వచ్చింది. ఇలాంటి పట్టికలు మనవాళ్ళకు మహా ఇష్టం. వాటిని కాదంటే, మన భాష గొప్పదనాన్నే కాదన్నట్టు చూస్తారు. మాస్టారు అలాంటివారు కాదని తర్వాత తెలిసింది.

మొదట చేసింది: మూడు వరుసలు కొట్టేయడం

మొదటి నిర్ణయం రూపాన్నీ అర్థాన్నీ విడదీయడం. పదం ఆకారం ఏంటన్నది ఒక ప్రశ్న. అది ఏ జంతువు పేరన్నది ఇంకో ప్రశ్న. రెండూ కలిపి చూస్తే, ఒకదాంట్లో ఉన్న లోటును ఇంకోదానితో పూడ్చేసి, సరిపోయిందనుకుంటాం. అందుకే జంతువు సంగతి పక్కన పెట్టి ముందు ధ్వనులే చూద్దామన్నాను.

గ్రీకు ఎలాఫోస్ సులువుగా పోయింది. దానికి లిథువేనియన్ ఎల్నిస్, రష్యన్ ఒలేన్ లాంటి సొంత బంధువులున్నారు. సెమిటిక్ పదంతో ఉమ్మడిగా మిగిలేది ఒక్క ల. ఒక్క హల్లు కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదు.

తమిళ ఇరలై దగ్గర మాస్టారు కాస్త నొచ్చుకున్నారు. "మన లేడి కూడా దాని చుట్టమే అంటారు కదమ్మా" అన్నారు. అవును, ద్రావిడ భాషావేత్తలు లేడినీ ఇఱ్ఱినీ తమిళ ఇరలైతో, కన్నడ ఎరళెతో కలిపే చూస్తారు. తమిళంలో ఉరల్, ఇరండు అన్నవి తెలుగులో రోలు, రెండు అయినట్టే, ముందున్న అచ్చు లోపలికి జరిగి, హల్లు మొదటికొచ్చింది. "ఇరలైకి మన వైపు ఇంత సంసారం ఉంది మాస్టారూ. అందులో ర ఉంది, ఆ ర ఎక్కడికి పోయిందో అయ్యాల్ చెప్పలేదు" అన్నాను. ఆయన నవ్వి, తానే పెన్ను తీసుకుని ఆ వరుస కొట్టేశారు.

పొట్టేలు అయిల్ మాత్రం తేలిగ్గా పోలేదు. హీబ్రూలో పూర్వం హల్లులే రాసేవారు. మనం గుణింతాలు తీసేసి క-ల-మ అని రాస్తే అది కలమో, కలిమో, కొలిమో చదివేవాడే చూసుకోవాలి. అలాగే అయ్యాల్, అయిల్ రెండింటి రాత ఒకటే. అచ్చుల గుర్తులు పెట్టడం సామాన్య శకం మొదటి సహస్రాబ్ది రెండో సగంలో గానీ జరగలేదు. ఈ గందరగోళం ప్రాచీనులకూ తప్పలేదు. విలాపవాక్యములు 1:6లో మేత దొరకని అయ్యాలుల్లా అధిపతులున్నారని హీబ్రూ పాఠం. పాత గ్రీకు అనువాదంలో అక్కడ పొట్టేళ్ళు ఉన్నాయి. అంటే అనువాదకుడు ఆ అక్షరాలనే అయిల్ అని చదివాడు.

అయిల్, అయ్యాల్ లోలోపల ఒకే ధాతువు నుంచి వచ్చాయా? వచ్చి ఉండొచ్చు అనేవాళ్ళున్నారు. నా నిర్ణయం వేరుగా ఉంచడం. రూపం వేరు, య ఒత్తు వేరు, అర్థం వేరు. రెంటినీ కలిపితే పట్టికలో ఉదాహరణలు పెరుగుతాయి గానీ ఆధారం పెరగదు. మాస్టారి లెక్కలో కొన్ని పొట్టేళ్ళు దుప్పుల్లో కలిసిపోయాయి. వాటిని వెతికి బయటికి తోలడానికే ఒక మధ్యాహ్నం పట్టింది.

మిగిలిన ఆరు, అసలు అనుమానం

అయ్యలు, అయ్ల్, అయ్యాల్, అయ్లా, ఇయ్యల్, హయ్యల్. మాస్టారి ముఖంలో వెలుగు. "ఇక్కడ మాత్రం వంక పెట్టలేరు. అచ్చు గుద్దినట్టున్నాయి."

అచ్చు గుద్దినట్టున్నాయి కాబట్టే నాకు నమ్మకం కుదరలేదు. ఈ కేసును రాయడానికి కారణం కూడా ఇదే.

తెలుగు మాస్టారికి ఇది చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. హరిణం అన్న మాట తెలుగులో, కన్నడంలో, మలయాళంలో దాదాపు ఒకే రూపంలో ఉంది. దాన్నిబట్టి అది ద్రావిడ పదం అనం. తత్సమం అంటాం. సంస్కృతం నుంచి ఎవరికి వారు తెచ్చుకున్నారు కాబట్టి ఒకేలా ఉంది. మన పులి కన్నడంలో హులి, మన పాలు అక్కడ హాలు. ఇవి ఒకేలా లేవు, తేడా ఉంది. కానీ ఆ తేడా ఒక లెక్క ప్రకారం ఉంది. ఆ లెక్కే వారసత్వానికి సాక్ష్యం. ఇరలై, ఎరళె, ఇఱ్ఱి కూడా అంతే. పోలిక ఎవరైనా తెచ్చుకోవచ్చు, క్రమం తప్పని తేడా మాత్రం పుట్టుకతోనే రావాలి.

సెమిటిక్ భాషల్లో ఇలా తేడా చూపే ధ్వనులు కొన్ని ఉన్నాయి. అయ్యాల్‌లో అవేవీ లేవు. ఉన్నవి మూడు: గొంతులో అచ్చును చటుక్కున ఆపి వదిలే చిన్న ధ్వని, య, ల. మూడూ చాలా భాషల్లో కదలకుండా కూర్చునేవే. ఒక్క అక్కడియన్‌లోనే మొదటిది పడిపోయింది. కాబట్టి ఈ పదం తాతల నుంచి వచ్చిందా, పొరుగింటి నుంచి వచ్చిందా అని దాన్నే అడిగితే జవాబు చెప్పదు.

అందుకని పోల్చి చూడటానికి ఇంకో పదం తెచ్చాను. అదీ ఇలాంటి జంతువే, గజెల్. సన్నటి కాళ్ళు, ఏటా రాలిపోని కొమ్ములు, ఎడారి అంచుల్లో పరుగు. దాని పేరు అరబిక్‌లో జబ్య్, హీబ్రూలో సెవీ, అరమాయిక్‌లో తబ్యా, అక్కడియన్‌లో సబీతు. తెలుగు లిపిలో ఇవి సరిగ్గా రావు. మొదటి హల్లు అన్నిట్లో నాలుక అదిమి, గొంతు బిగించి పలికేది. చూడండి: అరబిక్ జ ఉన్నచోట హీబ్రూలో స, అరమాయిక్‌లో త, అక్కడియన్‌లో స. ఇది యాదృచ్ఛికం కాదనడానికి నీడకు వాడే మాట చాలు: జిల్ల్, సేల్, తెల్లాలా, సిల్లు. మళ్ళీ అదే జ, స, త, స. అరబిక్‌లో గజెల్‌ను త తో మొదలుపెట్టి ఉంటే, ఇది అరమాయిక్ నుంచి అరువు తెచ్చుకున్నదని వెంటనే తెలిసేది.

"తబ్యా అంటే... తబితా?" అన్నారు మాస్టారు.

ఆయనే పట్టుకున్నారు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పేలో ఉన్న తబితా. ఆ పేరే గ్రీకులో దొర్కా. రెండూ గజెల్ పేర్లే. తెలుగు ఇళ్ళల్లో తబితలు, దొర్కమ్మలు ఎంతమందో. ఒక సెమిటిక్ ధ్వని సూత్రం మన వీధిలో పేరై తిరుగుతోందని ఆయన ఆ రోజంతా సంబరపడ్డారు. పని అక్కడితో ఆగిపోయింది, టీ తాగి వెళ్ళిపోయారు.

మరి అయ్యాల్ వారసత్వమని ఏ ధైర్యంతో చెప్పాలి? ధ్వనులు సాయం చేయకపోతే విస్తృతి, వయసు చూడాలి. సెమిటిక్ కుటుంబంలో అక్కడియన్ అందరికంటే ముందు విడిపోయిన కొమ్మ. ఉగారిత్, హీబ్రూ, అరమాయిక్ ఇంకో కొమ్మ. రెండు కొమ్మల్లోనూ ఈ మాట పాతకాలం నుంచే ఉంది, అర్థమూ దుప్పే. అచ్చుల విషయంలోనూ ఒక అదృష్టం ఉంది. ఉగారిత్ లిపిలో ఆ గొంతు ధ్వనికి మూడు అక్షరాలున్నాయి, పక్కన అ ఉందో, ఇ ఉందో, ఉ ఉందో చెప్పేలా. మన పదం అ ఉన్న అక్షరంతోనే రాశారు. మట్టిపలకల మీద మేకుల్లా నొక్కి రాసిన అక్కడియన్ కీలాక్షరాలు కూడా అ అనే చూపిస్తాయి. య కి ఒత్తు మాత్రం హీబ్రూ, అరబిక్‌ల మీద ఆధారపడింది. వీటన్నిటితో *అయ్యల్- అని రాశాను, ముందు నక్షత్రం గుర్తు పెట్టి.

"ఇంత కష్టపడి, పదానికి నక్షత్రం పెట్టి నమ్మకం తీసేశారేంటమ్మా?" అన్నారు. ఏ రాతిమీదా ఏ మట్టిపలక మీదా దొరకని, మనం లెక్కకట్టి తేల్చిన రూపం అని చెప్పడానికే ఆ గుర్తు అన్నాను. "పరీక్ష పేపర్లో గ్రేస్ మార్కుల పక్కన పెట్టేవాళ్ళం" అన్నారు. దాదాపు అంతే.

నేను బోల్తాపడ్డ చోటు

రూపం అయింది, ఇక అర్థం. ఇక్కడ తొందరపడ్డాను.

అక్కడియన్, ఉగారిత్, హీబ్రూ, సిరియాక్ నాలుగూ దుప్పి అంటున్నాయి. అరబిక్ పాత నిఘంటుకారులు మాత్రం ఇయ్యల్‌ను కొండమేకల్లో మగది అని వివరించారు. గీజ్ హయ్యల్ అర్థాల్లోనూ దుప్పితో పాటు కొండమేక కనిపిస్తుంది. నాలుగు ఇటు, రెండు అటు. అందరికీ సరిపోయేలా నేను రాసిన డ్రాఫ్ట్ ఇది: "మూలార్థం: కొమ్ములున్న కొండ జంతువు, దుప్పి లేదా కొండమేక." ఎవరినీ నొప్పించని తీర్పు. పెళ్ళి పంచాయితీలో అయితే పనికొచ్చేది.

నాలుగు రోజుల తర్వాత మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మా, యోబు 39 మొదటి వచనం చూడండి. కొండమేకలు ఈనే కాలం తెలుసా అని అడిగి, వెంటనే లేళ్ళు పిల్లలు వేసే కాలం తెలుసా అని అడుగుతాడు. ఒకటే జంతువైతే దేవుడు ఒకే ప్రశ్న రెండుసార్లు ఎందుకు అడుగుతాడు?"

హీబ్రూ తీసి చూస్తే మొదటిది యఅల్ మాట, రెండోది అయ్యాలోత్. కవిత్వంలో ఒకే అర్థాన్ని రెండు మాటలతో చెప్పడం ఉంటుంది కాబట్టి ఇది ఒక్కటే సరిపోదని వాదించొచ్చు, వాదించాను కూడా. కానీ ఆయన వేలు పెట్టిన చోటు సరైనది. నేను నిఘంటువుల్లో అర్థాలు లెక్కపెట్టాను. రెండు జంతువులూ పక్కపక్కన నిలబడ్డ పాఠాలు వెతకలేదు.

అప్పుడు ఆ పని చేశాను. ద్వితీయోపదేశకాండం 14:5 తినదగిన అడవి జంతువుల జాబితా. అందులో అయ్యాల్, సెవీ, యహ్మూర్ వరసగా, వేర్వేరుగా ఉన్నాయి, అడవిమేకకు ఇంకో పేరుంది. ఇది పథ్యం చెప్పే జాబితా, ఇందులో ఒకే జంతువును రెండుసార్లు రాయరు. ఇంకా గట్టిది ఉగారిత్‌లో దొరికింది. సిరియా తీరంలో రాస్ షమ్రా దిబ్బలో 1929 నుంచి బయటపడిన మట్టిపలకల్లో, బాల్ దేవుడు చనిపోయినప్పుడు అనాత్ దేవత చేసిన బలుల వర్ణన ఉంది. డెబ్బై అడవి ఎద్దులు, డెబ్బై ఎడ్లు, డెబ్బై గొర్రెలు, డెబ్బై అయ్ల్‌లు, డెబ్బై యఅల్‌లు. అయ్ల్ బలి ఒకటి, యఅల్ బలి ఇంకొకటి. క్రీస్తుకు పన్నెండు వందల ఏళ్ళ ముందే ఆ ఊళ్ళో దుప్పినీ కొండమేకనూ కలిపేసినవాడు లేడు.

ఇది పడమటి కొమ్మ సంగతి. తూర్పు కొమ్మ అక్కడియన్‌లో కొండమేకకు తురాహు అని సొంత పేరుంది, గజెల్‌కు సబీతు ఉంది, అయ్యలు దుప్పికే. విడిపోయిన రెండు కొమ్మలూ ఒకే మాట చెప్తున్నాయంటే, ఓట్లు నాలుగా రెండా అన్నది కాదు ముఖ్యం. ఎవరు ఎప్పుడు విడిపోయారన్నది ముఖ్యం.

మరి అరబిక్, గీజ్ ఎందుకు పక్కకు జరిగాయి? ఇక్కడ నిఘంటువు మూసి జంతువుల వైపు చూడాలి. సహారాకు దక్షిణాన ఆఫ్రికాలో సహజంగా దుప్పి కుటుంబమే లేదు. ఇథియోపియా సీమియెన్ కొండల్లో ఉన్నది వాలియా ఐబెక్స్, కొండమేక జాతి. అరేబియా ఎడారుల్లో, కొండల్లో తిరిగేవి గజెల్, ఓరిక్స్, ఐబెక్స్. దుప్పి లేని చోట దుప్పి పేరు ఖాళీగా మిగిలితే, దగ్గర్లో ఉన్న పెద్ద కొమ్ముల జంతువు దాన్ని తీసుకుంటుంది, లేదా పేరు పుస్తకాల్లోనే బతుకుతుంది. దుప్పి నుంచి కొండమేకకు జరగడానికి కారణం కళ్ళముందుంది. రెండు జంతువులూ ఉండి, రెండిటికీ పేర్లుండగా కొండమేక పేరు దుప్పికి మారడానికి కారణం కనిపించదు.

నా డ్రాఫ్ట్ కొట్టేసి "దుప్పి" అని రాశాను.

కొండమేక ముచ్చట నుంచి బయటపడగానే ఇంకో గోతిలో కాలు పెట్టబోయాను. తొలి సెమిటిక్ జనం మధ్యధరా తూర్పు తీరపు లెవాంట్ ప్రాంతంలో, ఇప్పటికి 5,750 ఏళ్ళ కిందట ఉండేవారని 2009లో ఒక గణాంక అధ్యయనం లెక్కకట్టింది. అక్కడ దుప్పులున్నాయి కాబట్టి మాట దుప్పే అని ఒక వాక్యం కలిపాను. మర్నాడు చదువుకుంటే సిగ్గేసింది. జంతువుల పేర్లను పట్టుకుని ఆ జనం ఎక్కడుండేవారో చెప్పేవాళ్ళు కొందరుంటారు. నేను ఎక్కడుండేవారో పట్టుకుని జంతువు పేరు చెప్తున్నాను. ఇద్దరం కలిస్తే గానుగెద్దు. ఆ వాక్యం తీసేశాను.

ఏ దుప్పి?

మాస్టారికి ఇది చాల్లేదు. జంతువు వివరం గడిలో ఒక బొమ్మ వేయించాలి. ఎర్ర దుప్పా, గోధుమ రంగు మీద తెల్ల చుక్కలదా?

హీబ్రూ మాట్లాడిన నేలలో చుక్కల దుప్పి ఒకటి ఉండేది, ఇరాకు, ఇరాన్ దాకా వ్యాపించిన జాతి. హీబ్రూ నేలలో మాత్రం అది అంతరించింది. 1950ల్లో ఇరాన్ ఖుజిస్తాన్‌లో కొన్ని మిగిలాయని తెలిసింది. 1978లో ఇరాన్ నుంచి కొన్నిటిని ఇజ్రాయెల్ తీసుకెళ్ళారు, 1996లో వాటి సంతతిని అడవిలోకి వదలడం మొదలుపెట్టారు. ఇప్పుడు హీబ్రూలో ఈ జంతువు పేరు యహ్మూర్. అయ్యాల్ అన్నది దుప్పులన్నిటికీ, కార్మెల్ కొండ చిన్న దుప్పికీ వాడతారు. కానీ ఇవి ఆధునికులు పేర్లు పంచిపెట్టుకున్న తీరు. ద్వితీయోపదేశకాండం రాసినవాడు ఇదే పంపకం చేశాడని ఏమీ లేదు.

నా సలహా: మూల పదానికి బొమ్మ వద్దు, జాతి పేరు వద్దు. మాస్టారు ఒప్పుకోలేదు. అప్పుడు మన ఇంటి ఉదాహరణ చెప్పాను. తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల జింక. ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. మొదటిది ఏటా కొమ్ములు రాల్చే దుప్పి కుటుంబం. రెండోది కొమ్ములు రాల్చదు, ఆవులూ మేకలూ ఉన్న కుటుంబం. మనకు రెండూ జింకలే. మచ్చల జింకనే చుక్కల దుప్పి అనేవాళ్ళూ ఉన్నారు. మూడు వేల ఏళ్ళ తర్వాత ఎవరో "తెలుగు జింక ఏ జాతి?" అని ఒక్క బొమ్మ అడిగితే ఏది ఇస్తారు?

"రెండూ ఇస్తాను" అన్నారు. కాసేపాగి, "సరే, బొమ్మ వద్దులెండి" అన్నారు.

నిఘంటువులో చివరకు నిలిచింది

తెలుగు మాటల దగ్గర మా ఇద్దరికీ కొంత వాదన జరిగింది. నేను ఒక్కో హీబ్రూ మాటకు ఒక్కో తెలుగు మాట కేటాయిద్దామన్నాను: అయ్యాల్‌కు దుప్పి, సెవీకి ఇఱ్ఱి, యఅల్‌కు కొండమేక. పరమగీతంలో ప్రియుణ్ణి ఇఱ్ఱితోనూ లేడిపిల్లతోనూ పోల్చినచోట, పాత అనువాదకులు సెవీకి ఇఱ్ఱి వాడారు కాబట్టి అదేమీ కొత్త కాదు. మాస్టారు అభ్యంతరం చెప్పింది లేడి గురించి. "నఫ్తాలి లేడి, హబక్కూకు లేడి, యోబు లేళ్ళు, సామెతల లేడి, అన్నీ ఆడ రూపాలేనమ్మా. అనువాదకులు గుడ్డిగా మార్చలేదు. ఆడదానికి లేడి అన్నది వాళ్ళ చెవికి కుదిరింది."

చూస్తే చాలావరకు నిజమే. 18వ కీర్తన జింక ఒక్కటి ఆ లెక్కలో ఇమడలేదు. నేను అనువాదంలో గందరగోళం అనుకున్నదాంట్లో సగం, తెలుగు బాగా తెలిసినవాళ్ళు ఆలోచించి చేసిన ఎంపిక. అందుకని అయ్యాలాకు లేడి ఉంచాం.

అదే ఊపులో 42వ కీర్తన సంగతి కూడా తేలింది. అక్కడ హీబ్రూలో నామవాచకం మగది, క్రియ మాత్రం ఆడది. అయ్యెలెత్ అని ఉండాల్సిన చోట చివరి త, తర్వాతి మాట మొదట్లో ఉన్న త తో కలిసిపోయిందని ఒక ఊహ ఉంది. పాత గ్రీకు అనువాదంలో దుప్పి ముందు స్త్రీలింగ గుర్తు ఉంది, ఊహకు అది కొంత బలం. అంటే నీటివాగుల కోసం తపించింది లేడి కావచ్చు. మాస్టారు ఈ మాట విని చాలాసేపు మాట్లాడలేదు. "చిన్నప్పట్నుంచీ దుప్పి అనే పాడుకున్నామమ్మా" అన్నారు చివరికి. పాఠం ముట్టుకోలేదు, గడిలో చిన్న అక్షరాలతో ఒక వాక్యం చేర్చారు.

ఆ గడి ఇప్పుడు ఇలా ఉంది: "అయ్యాల్: దుప్పి. ఆడది అయ్యాలా, అయ్యెలెత్: లేడి. మూల సెమిటిక్ *అయ్యల్-, దుప్పి; జాతి తేలదు. అక్కడియన్, ఉగారిత్, సిరియాక్‌లలో బంధువులు. అరబిక్ ఇయ్యల్: బంధువు, అర్థం జరిగింది. పొట్టేలు అయిల్ వేరు." కింద ఆయన సొంతంగా ఇంకోటి కలిపారు. యెహోషువ చంద్రుణ్ణి నిలవమన్న అయ్యాలోను లోయ పేరులో ఈ దుప్పే ఉందని. అది సరైనదే. ఆ ఊరి పేరు క్రీస్తుపూర్వం 14వ శతాబ్దానివి, ఈజిప్టులో దొరికిన అమర్నా ఉత్తరాల్లో అయ్యలూన అని ఉంది.

నా వైపు రెండు అలవాట్లు మారాయి. అర్థాల పట్టిక కంటే ముందు, ఆ జంతువు తన పొరుగు జంతువుతో కలిసి కనిపించే జాబితాలు వెతుకుతున్నాను, బలుల జాబితా అయినా విందు జాబితా అయినా. ఇంకోటి, ఎవరైనా అచ్చు గుద్దినట్టున్న పదాలు తెస్తే, ముందు వాటి పక్కన క్రమంగా మారిన పదం ఒకటి పెట్టి చూపిస్తున్నాను. ఆ పదం తబితా అయితే తెలుగువాళ్ళకు ఇంకేం చెప్పనక్కర్లేదు.

గీజ్ హయ్యల్‌ను మాత్రం గడిలోకి రానివ్వలేదు. గీజ్ మొదటి గొంతు ధ్వనిని మామూలుగా పోగొట్టుకోదు. తండ్రి అబ్, చెవి ఎజ్న్ రెండూ దాన్ని అలాగే ఉంచుకున్నాయి. దుప్పి ఒక్కదానికే హ ఎందుకొచ్చింది? అరువు వచ్చినప్పుడు మారిందా, ఇంకేదైనా మాట వచ్చి తగిలిందా? అరబిక్‌లో ఇయ్యల్, ఉయ్యల్, అయ్యిల్ అని మూడు రకాలుగా పలకడం కూడా నాకు అలాంటి అనుమానమే కలిగిస్తుంది. వాడుకలో జీవంగా ఉన్న మాట అంతలా తడబడదు. కానీ మూడింట్లోనూ ఆ గొంతు ధ్వని తన చోట ఉంది కాబట్టి అరబిక్‌ను లోపలికి రానిచ్చాను. మాస్టారి కాగితం మీద ఆ ఆరో వరుస పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న గుర్తు ఉంది. మొన్న ఫోన్ చేసినప్పుడు అడిగారు, చెరిపేయమంటారా అని. ఉండనివ్వమన్నాను.